ఎలపట, దాపట

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటాది. బడి చెప్పేవాళ్ళకు ఉండకూడని గుణం అది. అయినా ఆ గుణంతోనే ఏడాదిన్నర పాటు ఆలూరు పక్క ఒక మెట్ట ఊర్లో, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఒక్కదాన్నే పాఠాలు చెప్పినాను. ఊరి పేరెందుకు లెండి. బస్సు కూడా ఊర్లోకి వచ్చేది కాదు. అర మైలు అవతల దావలో ఒక నిమిషం నిలబడి, దుమ్ము లేపి పోయేది.

నేను పుట్టింది కడప. పెండ్లయిన మూడో ఏడు మా ఆయన విషజ్వరంతో పోయినాడు. అప్పటికి నా బిడ్డకు ఆరు నెలలు. పెండ్లికి ముందు చేసిన టీచరు ట్రెయినింగు అప్పుడు అక్కరకొచ్చింది. మా అక్క కర్నూల్లో ఉండేది, బావ గుమాస్తా. రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్తలు అవి. ఆఫీసులు డేరాల్లో నడిచేవి, బావ కూడా డేరాలోనే కూచోని ఫైళ్ళు రాసేవాడు. ఆయనే తిరిగి తిరిగి నాకు జిల్లా బోర్డులో ఉద్యోగం ఇప్పించినాడు. ఉద్యోగమైతే వచ్చింది, ఊరు మాత్రం ఇది వచ్చింది.

ఆ ఊర్లో తాగేది దిగుడుబావి నీళ్ళు. మెట్లు దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టి కడవ ముంచుకోవాల. ఆ నీళ్ళు తాగినోళ్ళకు నారికురుపు లేచేది. కాలి మీద చర్మం పొంగి పగిలి, లోపల నుంచి తెల్లదారం మాదిరి పురుగు బయటికొస్తాది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత అని ఓపికగా లాగాల. మధ్యలో తెగితే కాలు కాలంతా వాస్తాది. ఈ సంగతి అక్కకు ఎవరో చెప్పినారు. "ఆ నీళ్ళు తాగించి బిడ్డను కుంటిదాన్ని చేస్తావేమే? నువ్వు పో. పాప ఈడ తుంగభద్ర నీళ్ళు తాగుతా ఉంటాది" అనింది. అక్క చెప్పింది న్యాయమే. రెండేండ్లు దాటిన బిడ్డను అక్క చంకలో పెట్టి బస్సెక్కినాను. బస్సు కదిలినంక ఎనక్కి తిరిగి చూడలేదు. చూసింటే దిగిపోయేదాన్ని.

బడి అంటే ఒక పొడుగాటి చావిడి. దాని ఎనక నా గది, రెంటికీ మధ్య ఒక గోనెపట్ట అడ్డం. గదిలో నులక మంచం, పొయ్యి, నీళ్ళ కడవ, నా రేకు పెట్టె. పగలంతా పిల్లల గోలతో చెవులు దిబ్బెడ వేసేవి. బడి వదిలినంక మర్నాడు పిల్లలు వచ్చిందాకా నాతో మాట్లాడేవాళ్ళు లేరు. ఊరి ఆడవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చేన్లో నుంచి వస్తా "ఏం టీచరమ్మా, బువ్వ తింటివా?" అని దావలోనే అడిగి, నేను బదులు చెప్పేలోపల దాటిపోయేవాళ్ళు. వాళ్ళ పనులు వాళ్ళవి. ఒక్కోనాడు నేను హాజరు పట్టీ తీసి, పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివేదాన్ని. ఖాళీ చావిట్లో, మాపటేళ. మనిషి గొంతు వినపడితే చాలు అనిపించేది, అది నా గొంతయినా సరే.

చేరిన ఏడు దసరా సెలవులకు కర్నూలు పోయినాను. బస్సు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకోని ఉరుకులు పరుగుల మీద అక్క ఇంటికి పోతే, నా బిడ్డ గడపలో నిలబడి నన్ను చూసి లోపలికి కేక పెట్టింది. "అమ్మా, చిన్నమ్మొచ్చింది!"

అక్కకు ఇద్దరు పిల్లలు. వాళ్ళు అక్కను అమ్మా అంటారు, నన్ను చిన్నమ్మా అంటారు. నా బిడ్డ వాళ్ళను చూసి నేర్చుకుంది, అంతే. అక్క నాలుక కరుచుకోని "కాదమ్మా, ఈమె మీ అమ్మ, అమ్మా అని పిలువు" అని బిడ్డను నా మీదికి తోసింది. బిడ్డ నవ్వి అక్క చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. ఆ పది దినాలూ అక్క బుజ్జగించి చెప్పింది, బావ చెప్పినాడు, ఆఖరికి నేను బెల్లం ముక్క చేతిలో పెట్టి బతిమాలినాను. బెల్లం తీసుకోని "ఇంకొకటి ఇయ్యి చిన్నమ్మా" అనింది. నాకు అక్క మీద కోపమొచ్చింది. నా బిడ్డకు స్నానం పోసి, అన్నం పెట్టి, జడేసిన మనిషి మీద కోపమొచ్చిందంటే నా బుద్ధి ఎట్లాంటిదో చూసుకోండి.

ఆ కోపం మూటగట్టుకోని ఊరికి తిరిగొచ్చి, పిల్లల మీద చూపించినాను. నాలుగు, ఐదు తరగతులు కలిపి తొమ్మిది మంది. వాళ్ళకు కథలోని మనుషులను పోల్చి చెప్పడం నేర్పాలని నా పట్టు. ట్రెయినింగులో మా టీచరు ఆ పాఠం బాగా చెప్పేది. కథ చదివినంక ఇద్దరు మనుషులను పక్కపక్కన పెట్టి చూడాల, యాడ ఒకటి, యాడ వేరు అని అడగాల, అప్పుడే పిల్లోడికి కథ తలకెక్కుతాది అనేది.

నేనే ఒక కథ అల్లినాను. కరువు కాలంలో ఒక ఇంట్లో ఇద్దరు తోటికోడళ్ళు. పెద్దకోడలు ఉన్న రెండు శేర్ల జొన్నలు కుండలో పోసి, బూడిదలో దాచిపెట్టింది. వాకిట్లోకి ఒక ముసలామె వచ్చి ఆకలంటే, చిన్నకోడలు ఆ కుండ తీసి సగం పోసేసింది. మిగిలింది అయిపోయినంక రెండు దినాలు ఇంటిల్లిపాదీ పస్తున్నారు. ఇంతే కథ. చెప్పి, "ఇద్దరికీ తేడా ఏంది?" అని అడిగినాను.

తొమ్మిది మందీ ఒకే గొంతుతో పాడినారు. "చిన్నకోడలు మంచిది, పెద్దకోడలు చెడ్డది."

"ఇంకేమన్నా చెప్పండి."

"చిన్నకోడలు శానా మంచిది. పెద్దకోడలు శానా చెడ్డది."

సుద్దముక్క గోడకేసి కొట్టినాను. నాలుగు దినాలు అదే కథ, అదే జవాబు. పలక మీద గీత గీసి రెండు పక్కలా రాయమంటే ఒక పక్క మంచిది అని, ఒక పక్క చెడ్డది అని రాసి, కింద ఖాళీ జాగాలో కోడిపిల్లలు గీసినారు. మీ నెత్తిన మన్నుబడ, మీకు కండ్లు లేవా అని తిట్టినాను. వాళ్ళు తలలు దించుకున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

వారానికి రెండు తూర్లు టపా వచ్చేది. ఆ దినాల్లో బడి వదలగానే నేను బస్సు దావ దాకా నడిచేదాన్ని. ఒక మాపు అట్లా పోతాంటే, దావ పక్క చేన్లో ఒక రైతు కొత్తగా తెచ్చిన ఎద్దును తన పాత ఎద్దుతో జత కట్టి, సాళ్ళు దున్ని చూస్తాండాడు. గట్టు మీద నలుగురు మనుషులు, వాళ్ళ మధ్యలో నా ఐదో తరగతి పిల్లోళ్ళు ఇద్దరు. నేను నిలబడి విన్నాను.

"కొత్తది ముందుకు దూకుతాంది."

"దూకేది ఒక సాలే. రెండో సాలుకు చూడు, పాతదే లాగుతాంది."

"పాతది మూల తిరిగేటప్పుడు నిలబడి చూస్తాది. కొత్తదానికి ఆ తెలివి లేదు."

"ఏం చూసి చెప్తాండావు?" అని ఒక ముసలాయన నా పిల్లోన్ని అడిగినాడు. వాడు తడుముకోకుండా "మెడ చూడు తాతా, మూలకొచ్చే ముందే దించుతాది" అన్నాడు. అప్పుడు ఏది ఎలపట కట్టాల, ఏది దాపట కట్టాల అని అందరూ వాదులాడుకున్నారు. కాడికి ఒక పక్క ఎలపట, ఇంకో పక్క దాపట. ఏ ఎద్దు ఏ పక్క ఉండాలో దాని నడక చెప్తాదని వాళ్ళ లెక్క. అంతసేపు మాట్లాడినారే, మంచి ఎద్దు అని గానీ చెడ్డ ఎద్దు అని గానీ ఒక్కరి నోట్లో నుంచి రాలేదు. నాకు చెంప మీద కొట్టినట్లయింది. ఆ పిల్లోళ్ళకు కండ్లు లేవని తిట్టింది నేనే కదా.

మర్నాడు నల్లబల్ల మీద పెద్దగా కాడి గీసినాను. "ఇద్దరు తోటికోడళ్ళను దీనికి కట్టండి. ఎవరు ఎలపట, ఎవరు దాపట? ఊరికే చెప్తే ఒప్పను. ఏం చూసి చెప్తాండారో చెప్పాల."

మొదట పగలబడి నవ్వినారు. ఆ తర్వాత ఒకడు లేచి, పెద్దకోడలు రేపటికి చూస్తాది, చిన్నకోడలు ఈ పొద్దుకు చూస్తాది అన్నాడు. ఏం చూసి చెప్తాండావు అంటే, ఒకామె దాచింది, ఒకామె పోసింది కదా అన్నాడు. ఇంకొకడు ఇద్దరికీ ఆకలంటే భయమే అన్నాడు. అప్పుడు ద్వారం పక్కన కూచునే పాప లేచింది. నాలుగో తరగతి, వయసు పన్నెండు. వాళ్ళది చర్చి పక్క వీధి. తల్లితో పాటు శెనక్కాయలు ఒలిచే పనికి పోయి మిగిలిన దినాల్లో బడికొచ్చేది. అప్పటిదాకా ఆ పాప గొంతు నేను హాజరు పిలిచినప్పుడు తప్ప వినలేదు.

"పెద్దకోడలికి బిడ్డలుండారు టీచరమ్మా. చిన్నకోడలికి లేరు. అందుకే దాచింది."

"నేను బిడ్డల సంగతి చెప్పలేదే. ఏం చూసి చెప్తాండావు?"

"ముసలామె వచ్చినప్పుడు పెద్దకోడలు 'మెల్లగా మాట్లాడు, పిల్లోళ్ళు లేస్తారు' అనింది కదా. చెప్పినావు నువ్వు."

చెప్పినానంట. నాకే గుర్తు లేదు. కథ అల్లేటప్పుడు ఆ మాట నా నోటికి ఎట్లొచ్చిందో కూడా తెలీదు. ఆ మాపు గదిలో కూచోని శానాసేపు ఏడ్చినాను. ఎందుకంటే ఏం చెప్పాల, బిడ్డ గుర్తొచ్చి ఏడ్చినాను.

అప్పటి నుంచి ఏ కథ చెప్పినా కాడి గీయాల్సిందే. రాజును కుమ్మరితో కట్టినారు, నక్కను కొంగతో కట్టినారు. మూడో తరగతి వాళ్ళు కూడా ఎనక నుంచి చేతులెత్తేవాళ్ళు. ఆ ఒక్క గంట నేను ఒంటరిదాన్నని మరిచిపోయేదాన్ని. మిగతా గంటలు మాత్రం అట్లే ఉన్నాయి.

మరుసటి వేసవిలో నా ఎడమ కాలికీ నారికురుపు లేచింది. కాలికి పుల్ల చుట్టుకోనే కర్నూలు పోయినాను. బిడ్డ దాన్ని చూసి భయపడి నా దగ్గరికే రాలేదు. ఆ సెలవుల్లోనే బావ చెప్పినాడు. రాజధాని హైదరాబాదుకు పోతాంది. ఆఫీసుతో పాటు వాళ్ళూ పోవాల. నాలుగైదు నెలలకంటే ఎక్కువ లేదు. "పాపను మాతో పంపు, ఆడ మంచి బడులుండాయి" అన్నాడు. మంచికే అన్నాడు. కర్నూల్లో ఉన్నప్పుడే చిన్నమ్మనైనాను. హైదరాబాదు పోతే ఏడాదికొకసారి వచ్చే చుట్టం మనిషిని అవుతాను.

బావ చేత అర్జీ రాయించి, కర్నూలుకు బదిలీ అడిగినాను. ఒక ఆడపిల్లల బడిలో ఖాళీ ఉండాదని తెలిసింది. జవాబుగా ఇన్‌స్పెక్టరు దగ్గర నుంచి కార్డొచ్చింది. వానాకాలం పోతూనే మీ బడి చూడటానికి వస్తాను, పాఠం సంతృప్తిగా ఉంటే సిఫారసు చేస్తాను అని. ఆ కార్డు నేను తలగడ కింద పెట్టుకున్నాను. ఊర్లో ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు అసలే చెప్పలేదు. నాకంటే ముందున్న అయ్యవారు పోయినంక ఆ బడి ఎనిమిది నెలలు మూతబడిందని నాకు తెలుసు. ఆ ఎనిమిది నెలల్లో కొందరు పిల్లలు గొర్రెల ఎనక పోయి, మళ్ళా బడికి రానేలేదు. అన్నీ తెలిసే చెప్పలేదు.

చెప్పకపోగా, వాళ్ళనే నిచ్చెన చేసుకున్నాను. తోటికోడళ్ళ కథ నెల దినాలు రుద్దినాను. ఎవరు లేవాల, ఎవరు ఏం చెప్పాల, అంతా బట్టీ పట్టించినాను. తప్పు చెప్తే చెవి మెలిపెట్టినాను. పిల్లలకు ఆ కథంటే ఏవగింపు పుట్టింది. నాకూ పుట్టింది, కానీ నాకు కర్నూలు కావాల.

ఇన్‌స్పెక్టరు వచ్చిన దినం ఎండ మండిపోతాంది. పెద్దాయన, నస్యం అలవాటు, బస్సు దావ నుంచి గొడుగేసుకోని నడిచే వచ్చినాడు. మంచినీళ్ళిస్తే మర్యాదగా చేతిలో పట్టుకోని, తాగకుండా పక్కన పెట్టినాడు. రిజిస్టర్లు చూసినాడు. నేను నల్లబల్ల మీద కాడి గీసి, తోటికోడళ్ళ కథ మొదలుపెట్టినాను. పిల్లలు గడగడా చెప్పేసినారు. ఆయన ఒక చిటికె నస్యం పీల్చి నవ్వినాడు.

"బాగుంది గానీ అమ్మా, ఇది బాగా అరగదీసిన కథ మాదిరి ఉండాది. పిల్లలూ, ఈ కథ వద్దు. మీకు తెలిసిన ఇద్దరిని మీరే తెచ్చి ఈ కాడికి కట్టండి చూద్దాం."

ఎవరూ లేవలేదు. పిల్లలందరూ నా మొహం చూస్తాండారు. అయిపోయింది, బిడ్డ హైదరాబాదు పోతాది అనుకున్నాను. అప్పుడు ద్వారం పక్కన పాప లేచింది.

"పాత అయ్యవారిని ఎలపట కడ్తా సార్. మా టీచరమ్మను దాపట."

పిల్లలు గుసగుసలాడినారు. "కూచో పాపా" అన్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపినాడు. "చెప్పనీమ్మా. ఇద్దరూ యాడ ఒకటి?"

"ఇద్దరూ మాకు బాగా చెప్పినారు. ఇద్దరూ దావ పక్కే చూస్తాంటారు."

"మరి యాడ వేరు?"

"పాత అయ్యవారు పోతాండా అని మాకు చెప్పి పోయినాడు. టీచరమ్మ పోయేది ఉండాది, కానీ చెప్పలేదు."

ఇన్‌స్పెక్టరుకు మా పాఠం పద్ధతి అప్పటికి తెలిసిపోయింది. "ఏం చూసి చెప్తాండావు?" అని ఆయనే అడిగినాడు.

ఆ పాప గోనెపట్ట పక్క చెయ్యి చూపించింది. "పాత అయ్యవారు వచ్చిన దినమే గోడకు మేకు కొట్టి చొక్కా తగిలించుకున్నాడు. ఆ మేకు ఇంకా ఉండాది. టీచరమ్మ ఏడాదైనా దానికి ఒక్క చీర తగిలించలేదు. అన్నీ మడిచి పెట్టెలో పెట్టి తాళం వేస్తాది. ఉండేవాళ్ళు అట్లా చేయరు సార్."

నిజం చెప్తాండా, ముందు కోపమే వచ్చింది. పీక నొక్కేంత కోపం. ఏడాదిగా నీకు చెప్పిన చదువు నా మీదనేనా అనుకున్నాను. ఆ ఎనకనే సిగ్గొచ్చింది. నల్లబల్ల పక్క తిరిగి, చెరపాల్సింది ఏమీ లేకపోయినా గుడ్డ తీసి చెరుపుతా నిలబడినాను.

పిల్లలను బయటికి పంపి ఆయన నా పక్క చూసినాడు. "ఇదంతా నువ్వు నేర్పిందేనా?"

"నేనే సార్."

"చూసేది నేర్పి, మళ్ళా వాళ్ళ ముందరే దాస్తే ఎట్లా కుదుర్తాదమ్మా?" అన్నాడు. తిట్టినట్లు లేదు, మెల్లగానే అన్నాడు. కాయితం తీసి మోకాలి మీద పెట్టుకోని రాసినాడు. మూడు వారాలకు బదిలీ ఆర్డరు వచ్చింది. నన్ను సిగ్గుపడేటట్లు చేసిన మాటకే నాకు కర్నూలు దక్కింది.

ఆర్డరు వచ్చిన దినమే పిల్లలకు చెప్పినాను. నాకొక బిడ్డ ఉండాదని, కర్నూల్లో ఉండాదని, నన్ను చిన్నమ్మా అంటాదని, అందుకే పోతాండానని అన్నీ చెప్పినాను. అంతవరకు ఆ ఊర్లో నేను బిడ్డ మాటెత్తలేదు. పిల్లలు కదలకుండా విన్నారు. ఒకడు బిడ్డ పేరేంది అని అడిగినాడు, చెప్పినాను. ద్వారం పక్కన జాగా ఖాళీగా ఉంది. ఆ వారమంతా ఆ పాప శెనక్కాయల పనికే పోయింది.

నేను పోయే దినం ఆ పాప బస్సు దావకు వచ్చింది. పని మధ్యలో నుంచి వచ్చినట్లుంది, చేతులకు ఎర్రమన్ను. నా పెట్టె పక్కన నిలబడింది. బస్సు దుమ్ము కనపడినంక అడిగింది.

"మళ్ళా ఎవరొస్తారు టీచరమ్మా?"

"ఎవరో ఒకరొస్తార్లే."

"ఏం చూసి చెప్తాండావు?"

బస్సు వచ్చి నిలబడింది, ఎవరో నా పెట్టె పైకెక్కించినారు. ఎక్కి కూచోని కిటికీలో నుంచి చూస్తే ఆ పాప ఊరి పక్కకు నడిచిపోతాంది. ఈసారి ఎనక్కి తిరిగి చూసింది నేను, తిరగనిది ఆ పాప. కర్నూలు చేరినంక ఆ బడికి ఒక కార్డు రాసినాను, కొత్త టీచరు వచ్చినారా అని. జవాబు రాలేదు. రాయడానికి ఆడ ఎవరన్నా ఉంటే కదా.

అక్క ఇల్లంతా మూటలు, గోతాలు. పది దినాల్లో ప్రయాణం. వాళ్ళుండే ఇంట్లో ఒక గది నేను బాడిగకు పెట్టుకునేటట్లు బావ ఇంటాయనతో మాట్లాడినాడు. నా బిడ్డ నన్ను చూసి "చిన్నమ్మొచ్చింది" అని ఎప్పటి మాదిరే కేక పెట్టింది. నా పెట్టె మంచం కిందికి తోస్తాంటే వంగి చూసింది. మరుసటి దినం అన్నం తింటా తింటా అడిగింది.

"చిన్నమ్మా, నువ్వెప్పుడు పోతావు?"

అక్క నవ్వుతా "పోదే పిచ్చిదానా, ఈడనే ఉంటాది" అనింది. బిడ్డ నమ్మలేదు. ఎట్లా నమ్ముతాది? దసరాకు ఆ పెట్టెతో వచ్చినాను, ఆ పెట్టెతోనే పోయినాను. వేసవికీ అంతే. నా బిడ్డ కూడా చూసే చెప్తాండాది.

ఆ మధ్యాహ్నమే పెట్టె ఖాళీ చేసినాను. అక్కకు సామాన్లు పెట్టుకోను పెట్టె చాల్లేదు, నాది ఇచ్చేసినాను. బజారు నుంచి మేకులు తెచ్చి, రుబ్బురోలు పొత్రంతోనే గోడకు నాలుగు కొట్టినాను. సున్నం పెళ్ళలు రాలినాయి, ఇంటాయన గొణిగినాడు, గొణుక్కోనీ అనుకున్నాను. మూడింటికి నా చీరలు. నాలుగోది బిడ్డకు అందేంత కిందగా కొట్టి, దానికి బిడ్డ గౌను తగిలించినాను.

ప్రయాణానికి ముందు దినం చూస్తే మేకుకు గౌను లేదు. అక్క తన సామాన్లు సర్దుతా, పెట్టె అడుగున దాన్ని చూసింది. బిడ్డ తనే తీసుకుపోయి అక్క చీరల కింద పెట్టుకుంది. అక్క గౌను తీసుకొచ్చి మళ్ళా మేకుకు తగిలించింది. తగిలించి, గోడ పక్కకే తిరిగి నిలబడి కొంగుతో మొహం ఒత్తుకుంది. అక్కకూ అది బిడ్డే కదా. ఆ పొద్దు దాకా ఆ సంగతి నేను ఒక్కసారన్నా అనుకోలేదు.

అక్కావాళ్ళు ఎక్కిన లారీ పొద్దున పోయింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. లేచి పోయి గడపలో కూచుంది. మర్నాడూ గడపలోనే, మూడోనాడూ గడపలోనే. నేను బడి నుంచి వచ్చి పక్కన కూచునేదాన్ని. దగ్గరికి జరిగితే దూరం జరిగేది. పక్కింటామె కూడా చూసి "తల్లీబిడ్డా దావ కాపలా కాస్తాండారే" అని నవ్వింది. కర్నూలు వచ్చినా నా ఒంటరితనం నా ఎంటే వచ్చింది, కాకపోతే ఇప్పుడు దాన్లో ఇద్దరం ఉండాం. కాడికి కట్టి చూస్తే ఇద్దరం ఒకటే రకం, దావ పక్కే చూసేవాళ్ళం.

మూడోనాడు మాపటేళ బిడ్డ అడిగింది. "అమ్మ ఎప్పుడొస్తాది?"

రేపొస్తాదిలే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. పోతాండానని చెప్పకుండా ఉండేదాని నాలుక అది, దానికి అలవాటే. ఎర్రమన్ను అంటిన ఆ చేతులు గుర్తొచ్చినాయి.

"రాదు నాన్నా. హైదరాబాదు శానా దూరం. ఇప్పట్లో రాదు."

మళ్ళా ఏడుస్తాది అనుకున్నాను. ఏడవలేదు. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వు?"

"నేను పోను."

లేచి లోపలికి పోయింది. గడపలో నుంచి చూస్తాండా. మంచం కిందికి వంగి చూసింది. తలుపు ఎనక చూసింది. చీరల కింద చెయ్యి పెట్టి గోడ తడిమింది. బయటికొచ్చి నా ముందర నిలబడింది.

"నీ పెట్టె యాడ?"

"లేదు. ఇచ్చేసినా."

బిడ్డ నా పక్కన కూచోని, నా మోకాలి మీద తల పెట్టి, "ఆకలైతాంది చిన్నమ్మా" అనింది. చిన్నమ్మా అనే అనింది. పిలవనీలే అనుకోని, లేచి పొయ్యి అంటించినాను.